ఇద్దరూ మార్చిన అంకె

"మీ ఆవిడకి ఆస్పత్రికి అన్నం తెచ్చింది మీరేనా?"

"నేనే సార్. వండింది కూడా నేనే."

"ఆ చేతులతోనా?"

పెయింటర్ తన చేతులవైపు చూసుకున్నాడు. సైన్‌బోర్డులు రాయడం అతని పని. లాకప్‌లో ఇన్ని రోజులున్నా గోళ్ల సందుల్లో ఎరుపూ నీలమూ ఇంకా వదల్లేదు.

"కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి కడుక్కునేవాణ్ణి. తను వాసన చూసి సరే అంటేనే గిన్నె ముట్టుకోనిచ్చేది. ఒకరోజు సబ్బు వాసన మరీ ఎక్కువైందని, కూరలో కూడా నురగ వస్తుందేమోనని నవ్వింది సార్."

ఆ మాట అంటూ తనూ నవ్వబోయాడు. సగంలో మొహం ముడుచుకుపోయింది.

అడుగుతున్న మనిషి ప్రైవేటు డిటెక్టివ్. అసలు పేరుతో పిలిచేవాళ్లు తగ్గిపోయి చాలాకాలమైంది. జవాబు వచ్చేశాక కూడా ఇంకేమైనా వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసే అలవాటు వల్ల అందరూ ఆయన్ని నిదానం అంటారు. ఇప్పుడూ అలాగే ఆగాడు.

"నేనేం కలపలేదు సార్," అన్నాడు పెయింటర్ చివరికి. "కలిపానని మా బావగారు కంప్లయింట్ ఇచ్చారట. ఆయన మీద నాకు కోపం లేదు. చెల్లెలు పోయిన మనిషి కదా. ఎవరో ఒకరిని అనాలి."

ఆ బావగారే, అంటే చనిపోయినామె అన్నయ్యే, నిదానాన్ని పెట్టుకున్నాడు. అతను బస్సు డ్రైవర్. పోలీసులకి నమ్మకం కుదిరింది గాని సాక్ష్యం చాల్లేదనీ, అది వెతికిపెట్టమనీ బతిమాలాడు.

"జ్వరం ఎప్పుడు మొదలైంది?"

"మా బావగారు రక్తం ఇచ్చిన తర్వాత బాగా తేరుకుంది సార్. లేచి కూచుంది. పది రోజులకి జ్వరం పట్టుకుంది. అరిచేతులూ అరికాళ్లూ ఎర్రగా కంది, ఒళ్లంతా దద్దుర్లు. తర్వాత విరేచనాలు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. ఇంకో పది రోజులు కూడా..."

గోడకి ఆనుకుని వింటున్న ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు.

"విన్నారుగా? దద్దుర్లు, విరేచనాలు. ఆస్పత్రి కాగితాల్లో రక్తకణాలు పడిపోవడం కూడా ఉంది. రంగుల్లో ఉండే విషాలకి సరిగ్గా ఇవే లక్షణాలు. రెండేళ్లుగా బ్లడ్ కేన్సర్‌తో మంచం పట్టిన పెళ్లాం. మొగుడికి విసుగు పుట్టింది. ల్యాబ్ రిపోర్టు రావడమే తరువాయి."

"రిపోర్టులో విషం లేదని వస్తే?"

"వస్తే అప్పుడు చూద్దాం."

"అప్పటిదాకా ఇతను లోపలే ఉండాలా?"

"మీ క్లయింటే కదా సార్ లోపల వెయ్యమంది! ఆయన దగ్గర ఫీజు పుచ్చుకుని ఇతని తరఫున మాట్లాడతారేంటి?"

ఇన్‌స్పెక్టర్ మూసేసిన కేసుల్లో రెండింటిని నిదానం గతంలో మళ్లీ తెరిపించాడు. అప్పట్నుంచీ ఆయన్ని చూస్తే ఇన్‌స్పెక్టర్ గొంతులో వెటకారం దానంతటదే వచ్చేస్తుంది.

"ఒక గంట నాతో ఆస్పత్రికి రండి," అన్నాడు నిదానం. "నా అనుమానం తప్పని తేలితే మీ ఎదురుగానే ఒప్పుకుంటాను."

"ఆ మాట వినడానికైతే రెండు గంటలైనా వస్తాను."

*

రక్తనిధి ఆస్పత్రి కింది అంతస్తులో ఉంది. దానికి అధికారి యాభై ఏళ్ల డాక్టరమ్మ. పోలీసు యూనిఫారం చూడగానే కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"పెయింటర్ భార్యకి ఎక్కించే ముందు రక్తానికి రేడియేషన్ పెట్టారట. ఎందుకు?" అడిగాడు నిదానం.

"రక్తం ఇచ్చినవాళ్ల తెల్లకణాలు ఆ సంచిలో బతికే ఉంటాయండీ. మామూలు మనిషి ఒంట్లోకి వెళితే ఆ ఒళ్లే వాటిని చంపేస్తుంది. కేన్సర్ మందులు వాడేవాళ్లకి ఆ శక్తి ఉండదు. అవి లోపల స్థిరపడి, చోటిచ్చిన ఒంటి మీదే తిరగబడతాయి. అందుకని ముందే వాటి నడుం విరగ్గొట్టి పంపిస్తాం."

"తిరగబడితే ఏమవుతుంది?"

డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుంది.

"జ్వరం వస్తుంది. ఒంటి మీద..." ఆగింది. "చాలా అరుదులెండి."

"ఒంటి మీద దద్దుర్లా?"

"దద్దుర్లే."

ఇన్‌స్పెక్టర్ కనుబొమలు పైకి లేచాయి.

రేడియేషన్ మిషన్ పక్కనున్న చిన్న గదిలో ఉంది. బీరువా అంత ఎత్తు. మధ్యలో సంచి పెట్టే అర, పైన అంకెలు కనిపించే తెర, దాని కింద మీటలు. పాతది పాడైతే ఈమధ్యే దీన్ని తెచ్చారు. గదిలో ఇంకేమీ లేదు, మిషన్ ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ తప్ప.

"నడిపి చూపిస్తారా?"

ఆమె ఒక సంచిలో నీళ్లు నింపి, దానిమీద చిన్న స్టిక్కర్ అంటించింది. స్టిక్కర్ మధ్యలో లేతపసుపు రంగు కిటికీ లాంటిది ఉంది.

"తగినంత రేడియేషన్ తగిలితే ఈ పసుపు ముదురు ఎరుపవుతుంది. తగలకపోతే పసుపుగానే ఉంటుంది. చూడగానే తెలిసిపోతుంది."

తెర మీద ఇరవై అయిదు అని కొట్టి, మీట నొక్కింది. మిషన్ సన్నగా గుర్రుమంది. ముగ్గురూ నిలబడ్డారు. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. కుర్చీ డాక్టరమ్మవైపు జరిపి, ఆమె వద్దంటే తనే కూచున్నాడు. అయిదు నిమిషాలకి మిషన్ ఆగింది. సంచి బయటికి తీస్తే స్టిక్కర్ ముదురు ఎరుపు.

"ఇంకేం సార్!" ఇన్‌స్పెక్టర్ లేచి బట్టలు దులుపుకున్నాడు. "మిషన్ గుండ్రాయిలా ఉంది. ఒప్పుకుంటానన్నారు. నేను వింటున్నాను."

నిదానం అతనివైపు చూడలేదు. వంగి కుర్చీ వెనక్కి తిప్పాడు. వీపు మీద తెల్లరంగుతో 'చీటీల హాలు' అని రాసి ఉంది.

"ఇది బయట రోగులు కూచునే హాల్లో కుర్చీ. దీన్ని ఇక్కడికి ఎప్పుడు తెచ్చారు డాక్టరమ్మా?"

"గుర్తులేదు. ఎవరో తెచ్చి ఉంటారు."

"హాల్లో బల్లకి ఇలాంటి కుర్చీలు వరసగా గొలుసుతో కట్టి ఉన్నాయి. వరసలో చివరి కుర్చీ ఉన్నచోట నేల ఇంకా తెల్లగా ఉంది, దుమ్ము పట్టలేదు. తీసి వారం కూడా కాలేదు. ఈ మిషన్ వచ్చి రెండు నెలలైందంటున్నారు. ఇన్నాళ్లూ ఇక్కడ అయిదేసి నిమిషాలు నిలబడే ఉన్నారా? లేక ఇన్నాళ్లూ కూచోవాల్సిన అవసరమే రాలేదా?"

"కుర్చీ మీద కేసు కట్టమంటారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒక్క నిమిషం."

నిదానం ఫోన్ తీశాడు. డ్రైవర్ పంపిన ఫొటో తెరిచాడు. చుట్టాలందరికీ కూడా పంపించుకున్నాడట. మంచం మీద దిండ్లకి ఆనుకుని సన్నగా నవ్వుతున్న చెల్లెలు. పక్కన చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి మడతలో దూది చూపిస్తూ అన్నయ్య. ఇద్దరి మధ్యా స్టాండుకి వేలాడుతున్న రక్తం సంచి. నిదానం రెండువేళ్లతో ఆ సంచిని పెద్దది చేసి, తెర ఆమె ముందు పెట్టాడు.

సంచి మీద స్టిక్కర్ లేతపసుపుగా ఉంది.

డాక్టరమ్మ ఫొటో వంక చూడలేదు. ఫోన్ పట్టుకున్న ఆయన వేళ్ల వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లిగా ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూచుంది.

*

"మూడు సెకన్లు పట్టేది," అంది. "మీట నొక్కడం, ఆగిపోవడం. కొత్త మిషన్ కదా, స్పీడు ఎక్కువనుకున్నాను. నవ్వుకున్నాం కూడా. పాతదానికి మనం ముసలివాళ్లమయ్యేదాకా ఆగాల్సొచ్చేది, ఇది కన్ను మూసి తెరిచేలోగా అయిపోతోందని."

"స్టిక్కర్లు మారలేదు కదా?"

"పాత స్టాకేమో అనుకున్నాం. కొత్తవి తెప్పించాం. అవీ మారలేదు. తెర మీద ఇరవై అయిదు కనబడుతూనే ఉంది కదండీ. స్టిక్కర్‌ని నమ్మాలా, మిషన్‌ని నమ్మాలా? మిషన్‌ని నమ్మాను."

"ఎందులో ఇరవై అయిదు?"

ఆమె కళ్లు మూసుకుంది.

"అదే. ఎందులో అన్నది చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాకర్థమయ్యే భాషలో చెప్తారా?"

"రేడియేషన్‌ని కొలవడానికి పాత కొలత ర్యాడ్, కొత్త కొలత గ్రే," అన్నాడు నిదానం. "ఒక గ్రేలో వంద ర్యాడ్లు."

"సెంటీమీటరూ మీటరూ లాగానా?"

"అచ్చంగా అలాగే. రక్తానికి పెట్టాల్సింది ఇరవై అయిదు గ్రే. ర్యాడ్లలో అయితే రెండువేల అయిదు వందలు."

"మా పాత మిషన్‌లో రెండువేల అయిదు వందలనే కొట్టేవాళ్లం," అంది డాక్టరమ్మ. "ఇరవై ఏళ్లుగా ఆ అంకె నా వేళ్లకే తెలుసు. కొత్త మిషన్లన్నీ గ్రేలలో ఉంటాయని చదివాను. అది వచ్చేముందే కూచుని లెక్కేసుకున్నాను. వందతో భాగిస్తే ఇరవై అయిదు. మా స్టాఫ్‌కి నేనే నేర్పించాను, ఇకమీదట ఇరవై అయిదే కొట్టాలని. సరైన లెక్కే అది! ఎక్కడా తప్పు లేదు."

"మరి?"

"మిషన్ బిగించడానికొచ్చిన ఇంజనీరు మంచివాడు. ఆ కుర్రాడు మా పాతదాన్ని చూశాడు. వీళ్లకి ర్యాడ్లు అలవాటు, కొత్త కొలత పెడితే గందరగోళ పడతారు పాపం అని, వెళ్లేముందు తెరని ర్యాడ్లలోకి మార్చాడు. చెప్పే ఉంటాడు. నేను ఆరోజు వార్డులో ఉన్నాను. లేదా నాకే చెప్పాడేమో, వినిపించుకోలేదేమో. ఇప్పుడు ఎంత తల పగలగొట్టుకున్నా గుర్తు రావట్లేదు."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి కుర్చీ అంచున పెట్టింది.

"అతను మీకోసం మార్చాడు. మీరు మిషన్‌కోసం మార్చారు," అన్నాడు నిదానం. గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"ఒక్కరు మార్చకుండా ఊరుకున్నా సరిపోయేది," అంది ఆమె.

ఇన్‌స్పెక్టర్ వేళ్లు మడిచి లెక్క చూసుకుంటున్నాడు. "అంటే ఇరవై అయిదు మీటర్ల గుడ్డ కప్పాల్సినచోట ఇరవై అయిదు సెంటీమీటర్ల పీలిక కప్పారు." అని, తన మాట తనకే వినపడినట్టు తలెత్తాడు. "విషం లేదన్నమాట."

"లేదు."

"అది మీకెప్పుడు తెలిసిందమ్మా?"

"ఆమె పోయినరోజు. కేసు చూడ్డానికి పిలిచారు. ఆ అరిచేతులు చూశాను. చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూసిన బొమ్మ అది. తిన్నగా కిందకొచ్చి మిషన్ తెరిచి చూశాను. కొలత మార్చేశాను. ఫ్రిజ్‌లో ఉన్న సంచులన్నీ పారేశాను. మర్నాటినుంచీ అయిదు నిమిషాలు పట్టడం మొదలైంది. మా టెక్నీషియన్ నిలబడలేక కుర్చీ తెచ్చుకుంది."

"ఆ భర్తని అరెస్టు చేశారని తెలుసా మీకు?" నిదానం అడిగాడు.

"తెలుసు."

ఆయన ఎదురుచూశాడు.

"ల్యాబ్ రిపోర్టులో ఏమీ రాదు కదా, ఎలాగూ వదిలేస్తారనుకున్నాను. నాలుగు రోజులే కదా అనుకున్నాను. రోజూ పొద్దున్నే ఇవాళ వెళ్లి చెప్పేద్దామని చీర కట్టుకునేదాన్ని. ఇక్కడికొచ్చేసరికి కాళ్లు కిందకే తీసుకొచ్చేవి."

ఇన్‌స్పెక్టర్ గోడవైపు తిరిగి ఫోన్ చేశాడు. "ఎవరు? ఆ... ఆ పెయింటర్‌ని బయట బెంచీ మీద కూచోబెట్టు. ఏమైనా తిన్నాడా? తినిపించు. వదిలెయ్యకు... కాదయ్యా, అనుమానం గినుమానం ఏం లేదు. నేను వచ్చి నేనే చెప్పాలి, అందుకు."

అతను ఫోన్ జేబులో పెట్టుకునేసరికి నిదానం డాక్టరమ్మ ఎదురుగా గొంతుక్కూచుని ఉన్నాడు.

"ఫ్రిజ్‌లో ఉన్నవి పారేశారు. సరే. మూడు సెకన్ల రక్తం ఎక్కించేసినవాళ్లు ఈమె కాక ఇంకెవరున్నారు?"

ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంది.

"అమ్మా."

"అయిదుగురు. నలుగురికి నెల దాటిపోయింది, బాగానే ఉన్నారు. వాళ్లకి బయటివాళ్ల రక్తం. ఒంట్లో ఎంత శక్తి మిగిలితే అంతతో పరాయి కణాల్ని గుర్తుపట్టి గెంటేశారు." ఆమె గొంతు తగ్గిపోయింది. "సొంతవాళ్ల రక్తమైతే ఒళ్లు మోసపోతుందండీ. ఇంట్లో మనిషేలెమ్మని తలుపు తీస్తుంది. అన్నయ్య రక్తం కాబట్టే ఆ అమ్మాయికి..."

"అయిదో మనిషి?"

"పైన. పిల్లల వార్డులో ఒక పాప. వారం దాటింది. వాళ్ల నాన్న రక్తం."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు. "మందేదైనా ఉందా దీనికి?"

"ఉందని చెప్పలేను. ముందే పసిగడితే, పెద్దాస్పత్రికి పంపితే, సరిపోయే ఎముకమజ్జ దొరికితే... ఒక్కొక్కరు బతికారని చదివాను. రోజూ నాలుగుసార్లు వెళ్లి నుదురు ముట్టుకుని చూస్తున్నాను. నిన్నటిదాకా చల్లగానే ఉంది. చల్లగా ఉన్నప్పుడు చెప్పి తండ్రిని భయపెట్టడం దేనికి అనుకున్నాను."

"ఈ నాలుగు రోజులూ మజ్జ వెతకొచ్చు కదమ్మా," అన్నాడు నిదానం.

ఆమెకి ఆ సంగతి ఇదివరకే తెలుసు. అది మొహంలోనే కనిపించింది. లేచి, కళ్లద్దాలు కుర్చీ మీదే మరిచిపోయి, వాళ్లకంటే ముందు మెట్లెక్కింది.

*

మెట్ల మలుపులో బస్సు డ్రైవర్ ఎదురొచ్చాడు. ఖాకీ చొక్కాతోనే ఉన్నాడు, డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు. డాక్టరమ్మా ఇన్‌స్పెక్టరూ పైకి వెళ్లిపోయారు. నిదానం ఆగాడు.

"పోలీసులు కూడా వచ్చారంటే ఏదో దొరికినట్టే కదా సార్? మా బావేనా?"

"మీ బావ కాదు."

"మరెవరు?"

ఇప్పటికి ఇంటికి పంపి, తర్వాత నెమ్మదిగా, పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చెప్పొచ్చు. నిదానానికి ఆ ఆలోచన వచ్చింది. కింద డాక్టరమ్మకి కూడా ఇలాంటి ఆలోచనలే వచ్చి ఉంటాయి. ఆయన అక్కడే, మెట్ల మీదే, మొత్తం చెప్పేశాడు. మిషన్ సంగతి, రెండు కొలతల సంగతి, పైన వార్డులో పాప సంగతి, చివరికి సంచిలో ఎవరి రక్తమున్నదో అదీ.

 అంతా అయ్యాక డ్రైవర్ మోచేతి మడతని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"బావ ఇస్తానన్నాడు సార్," అన్నాడు. "ఇద్దరిదీ ఒకే గ్రూపు. నువ్వు బయటివాడివి, నా చెల్లెలికి నా రక్తమే పట్టాలి అని నేనే ఒప్పుకోలేదు. అందరిముందూ అన్నాను."

"మంచికే అన్నావు."

"బావ ఇచ్చి ఉంటే బతికేదా?"

నిదానం ఈసారి ఆగింది అలవాటుకొద్దీ కాదు.

"బతికేదేమో. చెప్పలేం. తప్పు నీది కాదు, అది మాత్రం చెప్పగలను."

"బావ మొహం ఎలా చూడను సార్? చెల్లిని చంపాడని స్టేషన్‌లో చొక్కా పట్టుకున్నాను."

"నీ మీద కోపం లేదన్నాడు. ఇవాళ పొద్దున్నే నాతో అన్నాడు."

ఆ మాట విన్నాకే డ్రైవర్ ఏడ్చాడు. అరవలేదు. మెట్టు మీద కూచుని, టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి, "పైన పాప అన్నారు. ఆ తండ్రికి ఎవరైనా చెప్పారా?" అని అడిగాడు. జవాబుకి ఆగకుండా మెట్లెక్కాడు.

పిల్లల వార్డు బయట బెంచీ మీద ఒక యువకుడు కూచుని నారింజ తొనల గింజలు తీస్తున్నాడు. డాక్టరమ్మ లోపల మంచం దగ్గర నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గర నిలబడి, ఎవరికో ఫోన్ చేసి పెద్దాస్పత్రి అంబులెన్సు అడుగుతున్నాడు. గొంతులో ఎప్పుడూ లేని బతిమాలుడు వినిపిస్తోంది.

డ్రైవర్ వెళ్లి ఆ యువకుడి పక్కన కూచున్నాడు.

"మీ పాపేనా?"

"మా పాపే అన్నా. పోయిన వారం మెడ నిలబెట్టలేకపోయింది. రక్తం ఎక్కించగానే చూడాలి, మంచం మీద గెంతులు!" అతను చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. "నాదే అన్నా. ఆస్పత్రివాళ్లు బ్లడ్ బ్యాంకులో వేరేది ఉందన్నారు. నా బిడ్డకి ఎవరిదో ఎందుకని నాదే తీయించాను."

డ్రైవర్ నోరు తెరిచాడు. ఆ తండ్రి ఒక తొన అతని చేతిలో పెట్టాడు. డ్రైవర్ దాన్ని తినలేదు, కింద పెట్టలేదు. అలా పట్టుకునే, "తమ్ముడూ, లోపల డాక్టరమ్మ నీకొక మాట చెప్పాలి. నేను పక్కనే ఉంటాను. పద," అన్నాడు.

ఇద్దరూ లేచేలోపే వార్డు తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టి, మామూలు గొంతుతోనే అడిగింది.

"పాప నాన్న మీరే కదండీ? పొద్దున్నుంచీ ఒళ్లు వెచ్చగా ఉందని ఎవరికీ చెప్పలేదేం?"